దాని బదులు ఉపవాసం

మా వీధిలో దాన్ని అందరూ టీచరమ్మ కుక్క అంటారు. టీచరమ్మ అంటే నా భార్య. పోయిన ఏడాది వానాకాలంలో ఆమె చనిపోయింది. కుక్క పేరు మారలేదు, నా పేరే మారింది. వీధిలోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్ళకు నన్ను చూపించి, "గాయన టీచరమ్మ కుక్క వాళ్ళ సారు" అని చెబుతారు. ఏళ్ళ తరబడి కాలేజీలో చరిత్ర చెప్పి నేను సంపాదించుకున్న గుర్తింపు అది.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అడవి మొదలైందని బోర్డు చెబుతుంది. చెట్లు ఇంకొంత దూరం పోయాక కనిపిస్తాయి. నా భార్య ఆ బోర్డు అవతలి బడిలో లెక్కలు చెప్పేది. చాలా ఏళ్ళ కిందట ఒక రోజు బడి వంటగది వెనక దొరికిన కుక్కపిల్లను టిఫిను సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. తేనెరంగు ఊరకుక్క, ఆడది. "రెండు రోజులు ఉంచుకుని ఎవరికన్నా ఇద్దాం" అంది. లెక్కల టీచరు అన్న మాట కాబట్టి నమ్మాను.

ఆమె ఉన్నప్పుడు మా ఇంట్లో మాటలన్నీ ఆమెవే. సగం నాకు, సగం కుక్కకు. ఏది ఎవరికో మాకిద్దరికీ తెలిసేది. నేను తక్కువగా మాట్లాడేవాణ్ణి, మాట్లాడాల్సిన అవసరమూ ఉండేది కాదు. ఆమె పోయాక ఇల్లు నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. కానీ కుక్క నన్ను అలా ఉండనివ్వలేదు. పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చుని, చెవులు నిలబెట్టి, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేదాకా కదిలేది కాదు. మొదట "లే", "తిను", "పద" అనేవాణ్ణి. తర్వాత పేపరు చదివి వినిపించడం మొదలుపెట్టాను. రాజకీయాల పేజీకి నిద్రపోయేది. దానికి అభిరుచి ఉందని అప్పుడు తెలిసింది.

ఆమె జ్ఞాపకార్థ కూటంలో మా చర్చి సంఘం పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆమె దేవుని తోటలో పువ్వు అనీ, ఆయన కోసుకున్నాడనీ చెప్పారు. నా భార్య పువ్వు కాదు. తప్పు లెక్క చేస్తే చెవి మెలిపెట్టే మనిషి. నన్ను కూడా సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘంలో ఏం జరిగినా ఇంటాయన లేచి నిలబడి దేవుడు తనకేం చేశాడో చెప్పాలి. నేను లేవలేదు. మనసులో బాధ గడ్డకట్టింది, మాట రావడం లేదు అని మా వదిన అందరికీ వివరించింది. వదిన అంటే నా భార్యకు అక్క, మా సంఘం స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. నా మనసులో ఏం జరుగుతుందో నాకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

ఈ ఏడాది ఎండలు ముదిరాక కుక్క తిండి మానేసింది. నీళ్ళు మాత్రం గిన్నెలు గిన్నెలు తాగేది. పేపరు చదువుతుంటే సినిమా పేజీకి కూడా చెవులు లేపలేదు. అన్నం, కోడికూర, గుడ్డు, పాలు అన్నీ నా చేత్తో నోటి దాకా తీసుకెళ్ళాను. వాసన చూసి తల పక్కకు తిప్పుకునేది. మా ఊరి పశువుల దవాఖానాలో చూపిస్తే, ఇది ఇక్కడ అయ్యే పని కాదు, ఖమ్మం తీసుకెళ్ళమన్నారు.

ఖమ్మంలో కుక్కలకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ వయసులో చిన్నది. స్కానింగు చేసింది, గుండె విన్నది, మళ్ళీ విన్నది. అందరి డాక్టర్ల లాగా చేతులు కడుక్కుంటూ చెప్పకుండా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

"గర్భసంచిల చీము పట్టింది సార్. సంచి తీసెయ్యాలె. తియ్యకపోతే అది లోపలనే పగులుతది. ఇగ వారం కూడ కష్టం."

"తీస్తే?"

"దీనికి వయసు మీద పడ్డది. గుండె చప్పుడు నాకు నచ్చుతలేదు. మత్తు ఇచ్చినంక లేస్తదో లేదో నేను గట్టిగ చెప్పలేను."

"మీ కుక్కే అయితే ఏం చేస్తారు?"

"చేస్తా సార్. ఏడ్చుకుంటనన్న చేస్తా."

నా భార్య విషయంలో నన్నెవరూ ఏమీ అడగలేదు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళేసరికే అడగడానికి ఏమీ మిగలలేదు. ఇప్పుడు ఒకరు ఎదురుగా కూర్చుని, నిర్ణయం నాది అంటున్నారు. సరేనన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ ఎదురుచూసింది.

శుక్రవారం సాయంత్రం ఆపరేషన్. అప్పటిదాకా మా ఊళ్ళోనే సెలైన్లు, ఇంజెక్షన్లు. "శుక్రవారం పొద్దటి నుంచి దానికేం పెట్టొద్దు సార్. ఏం పెట్టొద్దు అంటే ఏం పెట్టొద్దు. కడుపు ఖాళీగ ఉండాలె" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఇంటికి వచ్చేలోపే, ఎవరు చెప్పారో, వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, ఆపరేషన్ శుక్రవారమా? మన ఉపవాస ప్రార్థన కూడ శుక్రవారమే గద! చూసినవా దేవుడు ఎట్ల కలిపిండో. ఈ వారం నీ ఇంట్ల పెడుతున్న. కుర్చీలు నేను తెప్పిస్త, నువ్వు వాకిలి ఊడిపించు చాలు."

మా సంఘం ఆడవాళ్ళు ప్రతి శుక్రవారం ఒక ఇంట్లో చేరి మధ్యాహ్నం దాటేదాకా ఏమీ తినకుండా ప్రార్థన చేస్తారు. ఎవరింట్లో ఆపరేషనో, పరీక్షో, కోర్టు వాయిదానో ఉంటే ఆ వారం ఆ ఇంటికి వెళతారు. ప్రార్థన అయ్యాక ఎవరి టిఫిను వాళ్ళు విప్పుకుని అక్కడే ఉపవాసం విడుస్తారు. కుక్క కోసం కూడటం ఇదే మొదటిసారి కాబట్టి కొందరికి సందేహం వచ్చింది. అది పాస్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన నాకు ఫోన్ చేశారు.

"బ్రదర్, కుక్కకు ఆత్మ ఉన్నదా లేదా అనేది చాన పెద్ద సబ్జెక్టు. మనం దాంట్లకు పోవద్దు. మనం ఇంటి కోసం ప్రార్థన చేస్తం. ఆ ఇంట్ల కుక్క ఉన్నది. గంతే."

ఇంత తక్కువ మాటల్లో ఇంత పెద్ద సమస్య నుంచి బయటపడ్డవాళ్ళను నేను చదివిన చరిత్రలో కూడా ఎక్కువమందిని చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇల్లు నిండింది. వచ్చినవాళ్ళందరికీ గుమ్మంలోనే చెప్పాను, కుక్కకు ఏమీ పెట్టవద్దని. వదిన కూడా ప్రార్థనకు ముందు లేచి నిలబడి ప్రకటన చేసింది. "ఇంజెక్షన్ ఇయ్యాలె కాబట్టి కుక్కకు ఎవరూ ఏం పెట్టకుండ్రి సిస్టర్స్. దయచేసి సహకరించుండ్రి." అందరూ ఆమేన్ అన్నారు. కుక్క కుర్చీల మధ్యలో గోనెపట్టా మీద పడుకుని ఉంది. సెలైన్ల వల్ల కాస్త తేరుకుంది. ఎన్నో రోజుల తర్వాత ఇంట్లో ఆడవాళ్ళ గొంతులు వినిపించేసరికి చెవులు లేపింది.

ప్రార్థనలు మొదలయ్యాయి. మొదటామె కుక్కతో మొదలుపెట్టి, డాక్టరమ్మ చేతుల మీదుగా సాగి, తన కొడుకు రాసిన ఉద్యోగం పరీక్ష ఫలితాల దగ్గర చాలాసేపు ఆగింది. రెండో ఆమె కుక్కతో మొదలుపెట్టి, ఇంటి పక్కవాళ్ళతో ఉన్న గోడ తగాదాను దేవుడికి పూర్తిగా వివరించింది. గోడ ఎవరిదో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. మూడో ఆమె నా మీదికి వచ్చింది. "తండ్రీ, మా సారు మందిరానికి వచ్చి ఎన్నాళ్ళాయె నీకు తెల్వదా! ఈ మూగజీవి ద్వారానన్న ఆయనను నడిపించు నాయనా." అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. ఆ పూట అందరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

పక్కింటామె గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా వింది. ఆమెది అడవి లోపలి గూడెం, భర్తకు ఉద్యోగం వచ్చాక ఇటు వచ్చారు. వాళ్ళు హిందువులు. నా భార్యకు మంచి స్నేహితురాలు. ప్రార్థన అయ్యాక చిన్న ఇత్తడి గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది.

"నేను భద్రాచలం స్వామికి మొక్కిన సారూ. లేచి తిరిగితే గుట్టకు తీసుకపోత అని చెప్పిన."

వదిన నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. "మేమంత ఇక్కడ పొద్దటి నుంచి చేస్తనే ఉన్నం కదమ్మా."

"చెయ్యిండ్రి అక్కా, వద్దన్ననా? రెండు దిక్కుల నుంచి పోతే జల్దీ అందుతది."

చివర్లో వచ్చిన పాస్టరుగారు మాత్రం ఏ దిక్కూ తేల్చుకోలేకపోయారు. జేబులో అభిషేక తైలం సీసా ఉంది. రోగుల నుదుటికి రాసేది. తీయడం, లోపల పెట్టడం చేశారు. చివరికి నుదుటికి కాకుండా ముందు కాలికి ఒక చుక్క రాశారు. నుదురంటే మాట వస్తుందని ఆయన భయం. ఖమ్మానికి మాట్లాడిన కారు వచ్చిందేమో చూడటానికి నేను వీధి చివరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి టిఫిన్లు విప్పారు, తిన్నారు, సర్దుకున్నారు. కుక్క లేచి నిలబడి ఉంది. దాని కళ్ళు కూడా బాగున్నాయి. ప్రార్థన పనిచేసింది అన్నారు అందరూ. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది.

వదిన నాతో పాటు కారెక్కింది. దారి పొడుగునా కుక్క తల ఆమె ఒడిలో ఉంది. ఎప్పుడూ లేనిది వదిన మాట్లాడలేదు. మనసులో ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ అడిగింది. "ఏమన్న తిన్నదా సార్?"

"ఏమీ లేదు" అన్నాను, ఒక చదువుకున్న మనిషికి ఉండాల్సిన ధీమాతో.

వదిన ఫ్యాను వైపు చూసింది. డాక్టరమ్మ కుక్క కాలి మీద వెంట్రుకలు గీకి, సూది చేతిలోకి తీసుకుంది. వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు.

"మరిదీ, పెరుగన్నం తిండి కిందికి వస్తదా?"

డాక్టరమ్మ సూది కింద పెట్టింది.

"ఎంత పెట్టిన్రమ్మా?"

"కొంచెమే."

"కొంచెం అంటే?"

"గిన్నెడు."

"వద్దని చెప్పిన గదమ్మా!"

"చెప్పిన్రు బిడ్డా. నేనే అందరికీ చెప్పిన. కని ఇంతమందిమి పొద్దటి నుంచి దాని బదులు ఉపవాసం ఉన్నం గద. మళ్ళ అది ఎందుకు ఉండాలె అనుకున్న."

ఒకరి బదులు ఇంకొకరు భరించడం అనే మాట మీద మా మతమంతా నిలబడి ఉంది. వదిన చిన్నప్పటి నుంచి ఆ మాటే వింటూ పెరిగింది. ఆ లెక్క కుక్క కడుపుకు కూడా వర్తిస్తుందనుకోవడంలో ఆమె తప్పేమిటో చెప్పడం నాకు అంత సులభం కాలేదు. డాక్టరమ్మ చెప్పింది.

"అమ్మా, మీరు ఉపవాసం ఉంటే మీ కడుపు ఖాళీ అయితది. దాని కడుపు కాదు. మత్తుల ఉన్నప్పుడు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తులల్లకు పోతది. ఇగ లేవదు. ఇంకెవలన్న ఏమన్న పెట్టిన్రేమో అడుగుండ్రి."

వదిన ఫోన్ తీసింది. స్పీకరు నొక్కింది. మొదట స్త్రీల సమాజం కార్యదర్శి.

"నేనా? ఏం పెట్టలే అక్కా! నువ్వు చెప్పినవ్ గద. ఒక్క అరటిపండు, అంతే. మెత్తగనే ఉండె."

తర్వాత గోడ తగాదా ఆమె. ఆమె కూడా ఏమీ పెట్టలేదట, కార్యదర్శి పెట్టడం చూసి పులిహోరలో పల్లీలు ఏరి మరీ రెండు ముద్దలు పెట్టింది. పక్కింటామెకు నేనే చేశాను.

"ఏం పెట్టలే సారూ. దేవుని కాడి కొబ్బరి, బెల్లం ఇంత నోట్లె పెట్టిన. ప్రసాదం తిండెట్లయితది?"

చివరికి పాస్టరుగారు. ఆయన చాలాసేపు ఆలోచించారు. "బ్రదర్, నేనైతే ఏం పెట్టలే. కాలికి తైలం రాసిన. అది నాకింది. నూనె లెక్కలకు వస్తదేమో డాక్టరుగారిని అడుగుండ్రి."

డాక్టరమ్మ తల పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "ఇయాల ఇది నాకన్న మంచిగ తిన్నది" అంది. తర్వాత వేళాకోళం మానేసి నాతో చెప్పింది. "రేపు పొద్దున చేద్దాం సార్. ఇంక వేరే తొవ్వ లేదు. అప్పటిదాక సంచి పగలకుండ ఉండాలె. పగిలితే మాత్రం నేను కూడ ఏం చెయ్యలేను."

నాకు కోపం వచ్చింది. వదినతో అనడానికి మంచి మాటలు కొన్ని తయారయ్యాయి కూడా. ఆమె కుక్క ముందు నేల మీద కూర్చుని ఉంది.

"అది నా మొహం చూసింది మరిదీ" అంది నా వైపు తిరగకుండా. "చెల్లె పెట్టే స్టీలు గిన్నె నీ వంటింట్ల కనబడితే దాంట్లనే కలిపిన. ఎన్ని రోజులాయె అది తినక! ఎట్ల తిన్నదనుకున్నవ్? గిన్నె నాకింది."

నేను తయారు చేసుకున్న మాటలు అక్కడే ఆగిపోయాయి. ఇన్ని రోజులూ నా చేతిలో కోడికూర కాదన్న కుక్క, వాళ్ళ చేతుల్లో పల్లీలు తీసిన పులిహోర తిన్నది. నాకు కోపం వచ్చింది ఆపరేషన్ ఆగినందుకేనా అని అనుమానం కలిగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరుగన్నం ఒకేలా కలుపుతారు. ఉప్పు తక్కువ, అల్లం ఎక్కువ. ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు.

ఈలోగా ఆపరేషన్ వాయిదా పడిన సంగతి సంఘం వాట్సాప్ గ్రూపుకు చేరింది. ఎలా పడిందో మాత్రం చేరలేదు. ప్రార్థన ఫలితంగా ఆపరేషన్ అవసరమే లేకుండా పోయిందని ఒకరు రాశారు. వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. పూర్తిగా చదవకుండా ఒకాయన "ఆత్మకు శాంతి కలుగుగాక" అని పెట్టాడు. దాని కింద ఇంకొందరు అదే పెట్టారు. కుక్కకు ఆత్మ ఉందా లేదా అన్న పెద్ద సబ్జెక్టు ఆ విధంగా తేలిపోయింది. అది నా కాళ్ళ దగ్గర పడుకుని బరువుగా ఊపిరి తీస్తోంది.

ఆ రాత్రి ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన చిన్న గదిలో ఉన్నాం. వదిన ఏమీ తినలేదు. దాని గురించి ఎవరికీ ప్రకటన చేయలేదు. నేను కొనుక్కొచ్చిన ఇడ్లీలు పొట్లంలోనే ఉండిపోయాయి.

పొద్దున కుక్కను లోపలికి తీసుకెళ్ళారు. వెళ్ళే ముందు దానితో ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. నాకు తోచింది పేపరే. గోడకు ఆనించిన బెంచీ మీద నిన్నటి పేపరు ఉంటే, వాతావరణం గురించి రాసింది చదివాను. ఉరుములతో వానలు పడే అవకాశం ఉందని ఉంది. అది ఒక చెవి కొంచెం లేపింది.

తలుపు వేశారు. వదిన కళ్ళు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఆమె అలా ప్రార్థన చేయడం నేనెప్పుడూ చూడలేదు. నేను గోడ మీద అంటించిన పాల దిగుబడి పెంచే దాణా ప్రకటన చదువుతూ కూర్చున్నాను. దాంట్లోని ప్రతి మాటా నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

డాక్టరమ్మ బయటికి వచ్చేసరికి ముఖం నిండా చెమట. "తీసినం సార్. సంచి ఇంత ఉన్నది" అని రెండు చేతులతో సొరకాయంత చూపించింది. "ఇంకో పూట అయితే పగిలేది. మధ్యల గుండె ఒక్కసారి బాగ జారింది. మళ్ళ అందుకున్నది. లేస్తదా లేదా చూడాలె."

లేవడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తెరిచి మొదట నన్ను చూడలేదు, వదిన చేతుల వైపు చూసింది. వదిన రెండు అరచేతులూ విప్పి చూపించింది. "ఏం లేదమ్మా. ఏం తేలే. ఒట్టు."

ఊరికి వచ్చాక తెలిసింది, కుక్కను బతికించినవాళ్ళు చాలామంది ఉన్నారని. ఉపవాసం వల్ల అని స్త్రీల సమాజం, తైలం వల్ల అని పాస్టరుగారు. మరీ నాలుగు చుక్కలు కాదు, ఒక్క చుక్కే అని ఆయన వినయంగా చెప్పేవారు. పక్కింటామె వాదించలేదు. భద్రాచలం బస్సు టైము కనుక్కుంది, కుక్కను ఎక్కనిస్తారా అని కండక్టరును అడిగి వచ్చింది. ఎక్కనివ్వరట. "ఆటో మాట్లాడుత సారూ, మొక్కు మొక్కే గద" అంది. డాక్టరమ్మ పేరు అందరి మాటల్లోనూ చివర వచ్చేది.

కుట్లు విప్పాక వదిన ఫోన్ చేసింది. కృతజ్ఞత కూటం పెట్టాలి, బిర్యానీ ఆమెదే, వాకిలి నాది. ఎప్పటిలాగే అడగలేదు, చెప్పింది. కుర్చీలు వచ్చాయి. పాటలయ్యాయి. పాస్టరుగారు మాట్లాడారు. తర్వాత నా వైపు చూసి, "బ్రదర్, మీకు ఇష్టమైతేనే, ఒక్క మాట సాక్ష్యం" అన్నారు. వదిన అప్పటికే సగం లేచింది, నా గుండెలో ఏం గడ్డకట్టిందో వివరించడానికి.

నేను లేచాను. వదిన కూర్చుంది.

కుక్క ఆమె కుర్చీ కింద పడుకుని నన్నే చూస్తోంది, చెవులు నిలబెట్టి. అందరికీ చెప్పడం కష్టమనిపించింది. దానికి చెప్పాను.

"ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి గంజి తాగింది. మొన్న పెరుగన్నం తిన్నది. ఉప్పు తగ్గించి, అల్లం ఎక్కువ వేసి నేనే కలిపాను. నా చేత్తోనే తిన్నది."

ఇంకేం చెప్పాలో తెలియలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు, "ఇంకేమన్న బ్రదర్?" అన్నారు.

"ఒకటుంది" అన్నాను. "దానికి ఎవరూ బిర్యానీ పెట్టవద్దు."

అందరూ ఆమేన్ అన్నారు. అన్నిటికన్నా గట్టిగా వినిపించింది వదిన గొంతు. అందుకని భోజనాలు అయినంతసేపు నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను.